నీటిని క్షణాల్లో ఆవిరి చేయాలంటే: స్టీమ్ జనరేటర్‌లో వేగం ఎక్కడి నుంచి వస్తుంది?

25 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న కిలో నీటిని 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 314 కిలోజౌళ్ల వేడి సరిపోతుంది. అక్కడి నుంచి అదే నీటిని ఆవిరి చేయడానికి ఇంకో 2257 కిలోజౌళ్లు కావాలి. ఈ రెండో దశలో థర్మామీటర్ కదలదు. ఇచ్చిన వేడంతా నీటి అణువులను ఒకదాని నుంచి ఒకటి విడదీయడానికే ఖర్చవుతుంది. దీన్నే గుప్తోష్ణం అంటారు. నీళ్లు మరిగించడం తేలికే, మరిగిన నీటిని ఆవిరిగా మార్చడం దగ్గరే అసలు ఖర్చు. వేగంగా ఆవిరి ఇచ్చే యంత్రం గురించి ఏ ఐడియా వచ్చినా ముందుగా ఈ రెండు అంకెలతో సరిచూసుకోవాలి.

రెండూ కలిపితే 2571 కిలోజౌళ్లు. అంటే సెకనుకు ఒక గ్రాము ఆవిరి కావాలంటే 2.57 కిలోవాట్ల వేడి నీటిలోకి దిగాల్సిందే. ఒక కిలోవాట్‌తో గంటకు 1.4 కిలోల ఆవిరి వస్తుంది, అంతే. గొట్టాన్ని చుట్టగా చుట్టినా, పలకగా సాగదీసినా, నీటిని పొగమంచులా చిమ్మినా ఈ లెక్క మారదు. పీడనం పెంచితే గుప్తోష్ణం తగ్గుతుంది కదా అని కొందరు ఆశపడతారు. 10 బార్ల దగ్గర, అంటే మామూలు గాలి పీడనానికి సుమారు పది రెట్ల దగ్గర, అది 2015 కిలోజౌళ్లకు తగ్గే మాట నిజమే. కానీ అక్కడ నీరు మరిగేది దాదాపు 180 డిగ్రీల దగ్గర. అంతవరకు వేడి చేయడానికయ్యే ఖర్చు కూడా కలుపుకుంటే మొత్తం 2673 కిలోజౌళ్లు, అంటే కాస్త పెరిగిందే గానీ తగ్గలేదు. నిజంగా తగ్గించుకునే దారి ఒక్కటే: లోపలికి వెళ్లే నీటిని, బయటికి వృథాగా పోయే వేడి పొగతో ముందే వేడి చేసుకోవడం. 25 డిగ్రీల నీటిని 90 డిగ్రీలకు అలా తేగలిగితే ఖర్చులో పదో వంతు మిగులుతుంది.

మరి ఆవిరి ఇస్త్రీ పెట్టె బటన్ నొక్కగానే అంత ఆవిరి ఎలా చిమ్ముతుంది? దాని మీద 2400 వాట్లు అని రాసి ఉంటుంది. ఆ వాట్లన్నీ ఆవిరికే పోయినా నిమిషానికి 56 గ్రాములు దాటకూడదు. పెట్టె మీద మాత్రం 'బూస్ట్' పేరుతో నిమిషానికి 200 గ్రాములని కనిపిస్తుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. అడుగున ఉన్న అల్యూమినియం ముద్దలో ముందే దాచిన వేడి అప్పుడు పనికొస్తుంది. ఒక కిలో అల్యూమినియం 200 డిగ్రీల నుంచి 150 డిగ్రీలకు చల్లబడితే 45 కిలోజౌళ్లు వదులుతుంది. దాంతో 17 గ్రాముల ఆవిరి వస్తుంది. నిమిషానికి 200 గ్రాముల లెక్కన అది ఐదు సెకన్ల సరుకు. ఆ తర్వాత పలక మళ్లీ కాలే దాకా ఆగాల్సిందే.

వేగం అనే మాటలో రెండు వేర్వేరు కోరికలు కలిసిపోతాయని ఈ ఉదాహరణ చెబుతుంది. స్విచ్ వేసిన ఎంతసేపటికి ఆవిరి మొదలవుతుందన్నది ఒకటి, మొదలయ్యాక గంటకు ఎన్ని కిలోలు ఇస్తూ ఉంటుందన్నది ఇంకొకటి. రెండోదాన్ని తేల్చేది కిలోవాట్లే. డిజైన్ చేసేవాడి తెలివికి పని ఉండేది మొదటి దాంట్లోనే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నీటికి 30 కిలోవాట్ల వేడి అందించే బర్నర్ ఉంది, 10 బార్ల ఆవిరి కావాలి. ఏ బాయిలర్‌కు పెట్టినా అది గంటకు సుమారు 40 కిలోల ఆవిరి ఇస్తుంది. ఆ మంట మీద 50 కిలోల నీరున్న ట్యాంకు పెడితే, నీరు 180 డిగ్రీలకు చేరడానికే 18 నిమిషాలు పడుతుంది. ట్యాంకు లోహం కాలడానికి పట్టే టైమ్ అదనం. అదే మంట చుట్టూ సన్నని గొట్టం చుట్టి, అందులో ఎప్పుడూ అర కిలో నీరే ఉండేలా చూస్తే, నీటికి పట్టేది 11 సెకన్లు. గొట్టం బరువు 6 కిలోలైతే ఆ ఉక్కు కాలడానికి ఇంకో 15 సెకన్లు. అంటే ఇక్కడ నీటి కంటే లోహానికే ఎక్కువ సమయం పోతోంది. నీటిని తగ్గించుకుంటూ వెళ్లిన కొద్దీ ఒక దశ దాటాక గొట్టం మందమే ఆలస్యానికి కారణమవుతుంది. చాలామంది ఇంట్లో, వర్క్‌షాపులో చేసే నమూనాలు ఇక్కడే దెబ్బతింటాయి. గట్టిగా ఉండాలని మందపాటి దిమ్మెలో రంధ్రాలు తొలిచి నీరు పంపిస్తారు. ఇస్త్రీ పెట్టెలాగే అది మొదటి దఫా ఆవిరి బాగా ఇస్తుంది, కానీ ముందు ఆ దిమ్మె కాలాలి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌కు చెందిన లియోన్ సెర్పోలే 1880ల్లోనే, కాలిన గొట్టంలోకి నీటిని పంపి అప్పటికప్పుడు ఆవిరి తీసే 'ఫ్లాష్' జనరేటర్ తయారుచేశాడు. ఆ పద్ధతితో నడిచిన అతని కారు 1902లో నీస్ నగరంలో గంటకు 120.8 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు పెట్టింది. అమెరికాలో పేరుపొందిన స్టాన్లీ ఆవిరి కార్లలో నీళ్లు నిండిన డ్రమ్ము లాంటి బాయిలర్ ఉండేది. చల్లగా ఉన్న బండి కదలాలంటే అరగంట దాకా పట్టేది. 1920ల్లో ఆబ్నర్ డోబుల్ తయారుచేసిన కార్లు గొట్టపు చుట్టల జనరేటర్‌తో, బర్నర్‌కు గాలి ఊదే విద్యుత్ ఫ్యానుతో నిమిషం లోపే ఆవిరి సిద్ధం చేసుకునేవి. 1922లో మార్క్ బెన్సన్ పేటెంట్ తీసుకున్న, నీరు ఒక చివర లోపలికి వెళ్లి మరో చివర ఆవిరిగా బయటికొచ్చే పద్ధతి నేటి భారీ విద్యుత్ కేంద్రాల బాయిలర్లలో కూడా నడుస్తోంది.

ఇక వేడి గోడ నుంచి నీటిలోకి వెళ్లే చోటికి వద్దాం. అన్నిటికంటే ఆసక్తికరమైన ఘట్టం ఇదే. గోడ ఎంత వేడిగా ఉంటే ఆవిరి అంత త్వరగా వస్తుందని అనిపించడం సహజం. కొంతవరకు అది నిజం కూడా. మామూలు వాతావరణ పీడనంలో గోడ 105 డిగ్రీలు దాటాక దాని మీది సన్నని గీతల్లో, గుంతల్లో బుడగలు పుడతాయి. అవి పుట్టి, విడిపోయి, పైకి లేస్తూ చుట్టూ నీటిని కలియబెడతాయి. గోడ ఇంకో 20, 25 డిగ్రీలు వేడెక్కేసరికి చదరపు మీటరుకు దాదాపు 1000 కిలోవాట్ల వేడి నీటిలోకి పోతూ ఉంటుంది. అక్కడే శిఖరం. ఆపైన గోడను ఇంకా కాల్చితే ఆవిరి పెరగకపోగా తగ్గుతుంది, ఎందుకంటే బుడగలన్నీ కలిసిపోయి గోడకూ నీటికీ మధ్య ఆవిరి పొర పరుచుకుంటుంది. ఆవిరి వేడిని సరిగా మోయలేదు. బాగా కాలిన పెనం మీద నీటి చుక్క చుయ్‌మనకుండా గుండ్రంగా మారి అటూ ఇటూ జారడం చూసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. 1756లో యోహాన్ గాట్లోబ్ లైడెన్‌ఫ్రాస్ట్ దీన్ని వివరంగా రాశాడు. 1934లో జపాన్‌కు చెందిన శిరో నుకియామా సన్నని తీగను నీటిలో వేడిచేస్తూ ఈ మొత్తం వక్రరేఖను కొలిచి చూపించాడు.

విద్యుత్ హీటర్‌తో చేసే డిజైన్లకు ఈ శిఖరం ప్రాణాంతకం. హీటర్‌కు గోడ ఉష్ణోగ్రతతో సంబంధం లేదు, ఇచ్చిన వాట్లు ఇస్తూనే ఉంటుంది. ఆవిరి పొర పరుచుకున్న క్షణం ఆ వాట్లకు బయటికి దారి ఉండదు. లోహం ఒక్కసారిగా వందల డిగ్రీలు ఎగబాకి కరిగిపోవచ్చు. అందుకే శిఖరం దరిదాపుల్లో పనిచేయించాలని ఎవరూ చూడరు. చదరపు మీటరుకు 100 కిలోవాట్ల ప్రాంతంలో ఉంచుకోవడం తెలివైన పని. అంటే మన 30 కిలోవాట్లకు 0.3 చదరపు మీటర్లు. లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లున్న గొట్టమైతే తొమ్మిదిన్నర మీటర్ల పొడవు.

మంటతో చేసే డిజైన్‌లో కథ తిరగబడుతుంది. అక్కడ లోపలి గోడ సమస్యే కాదు. మంట ఇచ్చే వేడినంతా మరిగే నీరు తేలిగ్గా లాక్కుంటుంది, కానీ మండిన వాయువు గోడకు వేడిని ఇవ్వడంలో దానికంటే వంద రెట్లకు పైగా బద్ధకస్తురాలు. వాయువుకీ గోడకీ సగటున 600 డిగ్రీల తేడా ఉన్నా చదరపు మీటరుకు దాటేది 36 కిలోవాట్లు అనుకోవచ్చు. అప్పుడు 0.83 చదరపు మీటర్లు కావాలి. బయటి వ్యాసం 12 మిల్లీమీటర్లున్న ఆ గొట్టం పొడవు 22 మీటర్లకు పెరుగుతుంది. పై లెక్కలోని 6 కిలోల ఉక్కు ఈ గొట్టం బరువే. కాబట్టి ఫిన్‌లు (వేడి తాకే వైశాల్యం పెంచే పలుచని రెక్కలు) పెట్టాలన్నా, వాయు ప్రవాహ వేగం పెంచాలన్నా శ్రమ పడాల్సింది బయటి వైపు. లోపలి వైపు నునుపు, గరుకు గురించి తలకొట్టుకోవడం ఇక్కడ వృథా. గొట్టాన్ని చుట్టగా చుట్టడానికి మాత్రం చోటు కలిసి రావడంతో పాటు ఇంకో కారణం ఉంది. వంపులో తిరిగే నీటిని అపకేంద్ర బలం బయటి గోడకు నొక్కి పెడుతుంది. దాంతో గోడ ఎక్కువ దూరం తడిగా ఉంటుంది.

తక్కువ నీరు ఉండటం వల్ల వచ్చే రెండో మేలు భద్రత. బాయిలర్ పేలినప్పుడు ప్రాణం తీసేది అప్పటికే ఉన్న ఆవిరి కంటే, 180 డిగ్రీల దగ్గర పీడనం కింద ద్రవంగా నిలిచి ఉన్న నీరే. పాత్ర పగిలి పీడనం పడిపోగానే ఆ నీటిలో దాదాపు 15 శాతం ఒక్కసారిగా ఆవిరవుతుంది. 50 కిలోల నీటి నుంచి ఏడున్నర కిలోల ఆవిరి, అంటే సుమారు 13 ఘనమీటర్లు, కన్ను మూసి తెరిచేలోగా పుట్టుకొస్తుంది. చుట్టలోని అర కిలో నీటి నుంచి వచ్చేది 130 లీటర్లు. అదైనా చిన్న విషయం కాదు, దగ్గరున్నవాళ్లు కాలిపోతారు. కానీ గోడలు కూలవు. 1905 మార్చిలో అమెరికాలోని బ్రాక్టన్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. ఆ దేశంలో బాయిలర్ల తయారీకి కచ్చితమైన నియమావళి రావడానికి ఆ విషాదం ఒక పెద్ద కారణం. సన్నని గొట్టానికి మరో సహజ బలం ఉంది. 10 బార్ల పీడనంలో మన గొట్టం గోడపై పడే ఒత్తిడి 5 మెగాపాస్కల్‌లే. అదే పీడనంలో అర మీటరు వ్యాసం, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న డ్రమ్ముపై అది 50 మెగాపాస్కల్‌లు.

అయితే ఈ మేలుకు మూల్యం కంట్రోల్ రూపంలో కట్టాలి. 50 కిలోల ట్యాంకుకు నీటి పంపు ఆగిపోయిందనుకుందాం. అదే 30 కిలోవాట్ల మంట మీద నీరంతా ఇగిరిపోవడానికి 56 నిమిషాలు పడుతుంది. ఎవరో ఒకరు చూసి ఆపడానికి టైమ్ ఉంటుంది. చుట్టలో మాత్రం 34 సెకన్లలో నీరు అయిపోతుంది. ఆ తర్వాత 6 కిలోల ఉక్కు సెకనుకు పది డిగ్రీల చొప్పున వేడెక్కడం మొదలుపెడుతుంది. మనిషి స్పందనకు ఇక్కడ చోటే లేదు. నీటి మట్టం చూపే గాజు గొట్టం కూడా ఈ యంత్రంలో ఉండదు, మట్టం అనేదే లేదు కాబట్టి. దాని బదులు గొట్టం చివర ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్, నీటి ప్రవాహం ఆగితే వెంటనే మంట ఆపేసే స్విచ్, ఈ రెండింటికీ సంబంధం లేకుండా విడిగా పనిచేసే మూడో కటాఫ్ ఉండాలి. చుట్టకూ సేఫ్టీ వాల్వుకూ మధ్య ఇంకే వాల్వూ ఉండకూడదు. ఆపేటప్పుడు మంట ముందు ఆగాలి, పంపు ఆ తర్వాత కాసేపు నడవాలి. లోహంలో మిగిలిన వేడికి నీరు కావాలి.

పంపు ఎంపిక కూడా ఇక్కడ మామూలు విషయం కాదు. పీడనం ఎక్కువ తక్కువైనప్పుడల్లా నీటి పరిమాణం మారిపోయే సెంట్రిఫ్యూగల్ పంపు పనికిరాదు. ప్రతి స్ట్రోకుకీ ఇంత నీరు అని కొలిచి తోసే ప్లంజర్ లేదా డయాఫ్రమ్ పంపు కావాలి. దీనికి పెద్ద శక్తి అక్కర్లేదు. కిలో నీటిని 10 బార్లకు ఎక్కించడానికి సిద్ధాంతపరంగా ఒక కిలోజౌల్ చాలు, దాన్ని ఆవిరి చేయడానికయ్యే 2673 ముందు అది లెక్కలోకే రాదు. కానీ పంపు తోసే నీటికీ బర్నర్ ఇచ్చే వేడికీ నిష్పత్తి చెడితే ఫలితం వెంటనే తెలుస్తుంది. నీరు ఎక్కువైతే బయటికి వచ్చేది తుంపరలు కలిసిన తడి ఆవిరి, తక్కువైతే విపరీతంగా కాలిన ఆవిరి.

వేడిని ఎక్కువ చోట్ల పంచుదామని ఒక గొట్టానికి బదులు నాలుగు గొట్టాలను పక్కపక్కన కలిపితే మరో చిక్కు వస్తుంది. ఏదో ఒక గొట్టంలో ఆవిరి కాస్త ఎక్కువ పుడితే అందులో ప్రవాహానికి అడ్డు పెరుగుతుంది, నీరు మిగతా మూడింటి వైపు మళ్లుతుంది, దాంతో మొదటి గొట్టం ఇంకా ఎండిపోతుంది. 1938లో లెడినెగ్ అనే పరిశోధకుడు విశ్లేషించిన అస్థిరత ఇదే. ప్రతి గొట్టంలోకి నీరు వెళ్లే చోట ఒక సన్నని రంధ్రం పెట్టి, అక్కడే కావాలని కొంత పీడనం పోగొట్టుకోవడం దీనికి అందరూ వాడే మందు. చిన్న యంత్రాలకు మాత్రం ఒకే పొడవాటి గొట్టం మంచిది. పంపు కాస్త ఎక్కువ పనిచేసినా ఆ టెన్షన్ ఉండదు.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నా చాలా యంత్రాలు చివరికి నీటిలోని లవణాల వల్లే పాడవుతాయి. లీటరుకు 200 మిల్లీగ్రాముల లవణాలున్న నీరు తాగడానికి బాగానే ఉంటుంది. గంటకు 40 కిలోల చొప్పున దాన్ని పూర్తిగా ఆవిరి చేస్తే, గంటకు 8 గ్రాముల ఘనపదార్థం గొట్టంలో మిగలాలి. ఎనిమిది గంటల పనిరోజుకు 64 గ్రాములు. అదీ గొట్టమంతా సమంగా పరుచుకోదు, నీరు పూర్తిగా ఇగిరిపోయే ఆ కొద్ది చోటులోనే పేరుకుంటుంది. ఒక మిల్లీమీటరు సున్నపు పొర ఉంటే, విద్యుత్ హీటర్‌కు మనం అనుకున్న చదరపు మీటరుకు 100 కిలోవాట్ల దగ్గర, గోడ ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీలు అదనంగా పెరుగుతుంది. నీటిని సాఫ్ట్‌నర్‌లో పోసి పంపితే సరిపోతుందనుకోవడం తరచూ కనిపించే పొరపాటు. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. సున్నం కట్టదు గానీ మొత్తం లవణాలు అలాగే ఉంటాయి, ఎండిన చోట అవీ పేరుకుంటాయి. దీనికి రెండే మంచి దారులున్నాయి. ఒకటి, లవణాలు దాదాపుగా తీసేసిన ఆర్వో లేదా డీఅయనైజ్డ్ నీరు. రెండోది, నీటిని గొట్టంలో పూర్తిగా ఎండనీయకుండా పది, ఇరవై శాతం ద్రవంగానే బయటికి వదిలి, సెపరేటర్‌లో విడగొట్టి, ఆ చిక్కటి ఉప్పునీటిలో కొంత పారబోయడం. పరిశ్రమల్లో వాడే గొట్టపు చుట్టల బాయిలర్లు ఎక్కువగా ఈ రెండో దారే పట్టాయి. గోడ ఎప్పుడూ తడిగా ఉండటం దీనివల్ల వచ్చే అదనపు లాభం.

నీటిని తుంపరలుగా చిమ్మితే ఇంకా వేగం వస్తుంది కదా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఒక లీటరు నీటిని మిల్లీమీటరులో పదో వంతు వ్యాసమున్న చుక్కలుగా చేస్తే వాటి మొత్తం ఉపరితలం 60 చదరపు మీటర్లు. వేడి వాయువులో చుక్క ఇగరడానికి పట్టే సమయం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం సగమైతే సమయం నాలుగో వంతు. కానీ ఆ చుక్కల్ని ఎర్రగా కాలిన పలక మీద చిమ్మితే లైడెన్‌ఫ్రాస్ట్ పొర మీద ఎగిరి పడతాయి. వేడి పొగలోకి నేరుగా చిమ్మితే త్వరగానే ఆవిరవుతాయి గానీ, వచ్చేది పొగ కలిసిన ఆవిరి. అది పనికొచ్చే చోట గోడే లేని జనరేటర్ చేయవచ్చు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ల వీ-2 రాకెట్ ఇంధన పంపుల్ని తిప్పింది అలాంటిదే. గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పర్మాంగనేట్ ద్రావణంతో కలిపితే అది అక్కడికక్కడే ఆవిరిగా, ఆక్సిజన్‌గా విడిపోయి టర్బైన్‌ను తిప్పేది.

యంత్రం తయారయ్యాక అది నిజంగా ఎంత ఆవిరి ఇస్తోందో కొలవడంలోనే ఎక్కువమంది మోసపోతారు. నాజిల్ నుంచి దట్టంగా తెల్లగా వచ్చేదాన్ని చూసి మురిసిపోతారు. ఆవిరి కంటికి కనిపించదు. తెల్లగా కనిపించేది అప్పటికే చల్లబడి చుక్కలైన నీరు, దాంతో పాటు అసలు ఆవిరిగా మారకుండానే గొట్టం నుంచి కొట్టుకొచ్చిన నీరు కూడా. పంపిన నీటి బరువును ఆవిరి బరువుగా లెక్కేస్తే యంత్రం ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. కొలవడానికి తేలిక మార్గం ఉంది. వేడి పోకుండా కప్పిన పాత్రలో 25 డిగ్రీల నీరు కచ్చితంగా కిలో తూచి పోయాలి. నాజిల్‌కు కట్టిన గొట్టాన్ని ముందు బయటే కాసేపు వదిలి కాలనిచ్చి, తర్వాత ఆ నీటిలో ముంచాలి. పాత్ర బరువు 30 గ్రాములు పెరగగానే గొట్టం తీసేసి, కలిపి, ఉష్ణోగ్రత చూడాలి. వచ్చింది 100 డిగ్రీల పొడి ఆవిరి అయితే, పాత్ర తీసుకునే వేడిని పక్కన పెడితే, థర్మామీటర్ దాదాపు 43 డిగ్రీలు చూపిస్తుంది. అందులో ఐదో వంతు నీరే అయితే 40 దగ్గరే ఆగిపోతుంది. 38 డిగ్రీలే చూపిస్తే పంపు స్ట్రోకు తగ్గించి మళ్లీ కొలవాలి.